అత్త తెరిచిన కళ్ళు

పోయిన నెల మా పాత రైల్వే కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక చావు కబురు వచ్చింది. హిందీ ఊళ్ళో తెలుగువాళ్ళ కాలనీ కదా, కబురు సగం హిందీ, సగం తెలుగు. పక్క ఊరు ఉస్లాపూర్‌లో తమ్ముడి ఇంట్లో ఉంటున్న ఫలానా ఆవిడ పొద్దున్న పోయిందని, మధ్యాహ్నానికల్లా అంతా అయిపోతుందని. దాని కింద ఎవరో రాశారు: "ఆవిడ ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి."

సాయంత్రం దాకా ఎవరూ పెట్టలేదు. నేనూ వెతికాను. మా ఇంట్లో రెండు అట్టపెట్టెల నిండా పాత ఫొటోలున్నాయి. పెళ్ళిళ్ళు, సీమంతాలు, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో దసరా పందిళ్ళు. ఒకదాంట్లో ఆవిడ మోచెయ్యి దొరికింది. ఇంకోదాంట్లో కెమెరాకు వీపు పెట్టి ఎవరితోనో మాట్లాడుతోంది. అంతే. కాలనీలో సగం ఇళ్ళ గోడల మీద ఫొటోలకు రంగులు వేసిన మనిషి ఒక్క ఫొటోలోనైనా మొహం పెట్టలేదు.

అందుకని రాస్తున్నాను.

పేరు రాయను. బతికుండగా కూడా పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. పెద్దవాళ్ళు రంగులావిడ అనేవారు. పిల్లలకు రంగులత్త. నాకు ఉత్త అత్త. చుట్టరికం ఏమీ లేదు. మా క్వార్టర్‌కూ వాళ్ళ క్వార్టర్‌కూ మధ్య ఒక గోడ, ఆ గోడలో ఒక కన్నం, ఆ కన్నంలోంచి కరివేపాకు రెమ్మలు, అగ్గిపెట్టెలు, మాటలు అటూ ఇటూ వెళ్ళేవి. అంతకంటే పెద్ద చుట్టరికం మా కాలనీలో అక్కర్లేదు.

రంగు ఫొటోలు ఇంకా రాని రోజులు. స్టేషన్ దగ్గర ఒక స్టూడియో ఉండేది. అక్కడ తీసేవన్నీ నలుపూ తెలుపే. రంగు కావాలన్నవాళ్ళ ఫొటోలు పెద్దవిగా కడిగించి, గరుకు కాగితం మీద అచ్చువేసి, అత్త వరండాకు పంపేవారు. ఆవిడ చాప మీద కూర్చుని, ఒళ్ళో చెక్కపలక పెట్టుకుని, అగ్గిపుల్లకు దూది చుట్టి, చీరలకూ చెంపలకూ రంగు అద్దేది. సన్నటి పనులకు కుంచె. కుంచె మొనను పెదాల మధ్య పెట్టి సూదిలా చేసేది. అందుకని కింది పెదవి మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. "అత్తా, ఇవాళ పచ్చమూతి" అని మేం నవ్వితే, "ఇవాళ పటంలో బడ్డు గారి పెళ్ళాం సీర పచ్చదే, నాకేటి తెల్సు" అనేది.

ఫొటో తాలూకు మనుషుల్ని పిలిపించి రంగులు అడిగేది. "సీర రంగేటి?" వాళ్ళు అబద్ధం చెప్పేవాళ్ళు. రోజూ కట్టుకునే నేత చీరే అని ఆవిడకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. "వంగపండు రంగు వేసీ వదినా, జరీ అంచు వేసీ" అనేవాళ్ళు. ఆవిడ వేసేది. లేని దుద్దులు పెట్టేది. నల్లటి చేతులకు చందనం రాసేది. "కెమెరాకి ఎలుగొక్కటే తెల్సు. ఆశలు దానికేటి తెలుస్తాయి?" అని మా అమ్మతో అనడం గోడ కన్నంలోంచి విన్నాను.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాళ్ళ గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పేది. మామూలుగా కాయగూరలు బేరం చేస్తూ కూడా. పక్క పల్లె మస్తూరీ నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే ముసలమ్మ ఒకతె, ఆ చెయ్యి పడగానే బేరం మాట మరిచిపోయి బొమ్మలా నిలబడిపోయేది. కాసేపు అలా చూసి, "ఊఁ" అని వదిలేసేది. ఆ 'ఊఁ' ఏమిటో మాకు తెలియదు. ఆవిడ ఎదుటివాళ్ళ కళ్ళు అప్పు తీసుకుంటోందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎందుకంటే స్టూడియో నుంచి ఇంకో రకం ఫొటోలు కూడా వచ్చేవి. చచ్చిపోయిన వాళ్ళవి. అప్పట్లో చాలామందికి బతికుండగా ఫొటో దిగడం కుదిరేది కాదు. పోయాక స్టూడియో వాడికి కబురెళ్ళేది. అతను వచ్చి, గోడకు ఆనించి కూర్చోబెట్టో, కుర్చీలో దిండ్లు సర్దో ఫొటో తీసేవాడు. మూసిన కళ్ళతో ఫొటో గోడకు పెట్టుకోలేరు కదా. వాటికి కళ్ళు తెరిపించే పని అత్తది.

అది చేసేముందు ఆవిడ ఫొటోలోని మనిషికి వరస కలిపి చెప్పేది. "మావయ్యా, ఏటనుకోకు." "అప్పా, ఒక్క నిమిసం." అప్పుడు తన కళ్ళు మూసుకుని కాసేపు కూర్చునేది. తర్వాత కుంచె తీసేది. పని అయ్యాక ఆరబెట్టడానికి ఆ ఫొటోలన్నీ గోడవైపు తిప్పి పెట్టేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"తెరిసినవి మల్లీ మూసుకోవు గుంటా. నాను కునుకు తీస్తే ఆల్లు సూస్తంటారు."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా చెల్లి పోయింది. మూడేళ్ళ పిల్ల. అమ్మ బుజ్జి అని పిలిచేది. మూడు రోజుల జ్వరం. నాన్న గూడ్సు గార్డు. డ్యూటీ మీద ఎక్కడో లైన్లో ఉన్నాడు. ఆయన వచ్చేసరికి అయిపోయింది. దసరాకు కొత్త గౌను వేసి ఫొటో తీయిద్దామని అమ్మ అనుకుంటూ ఉండేది. ఆ గౌనే వేశారు. స్టూడియో ఆయన వచ్చాడు. అమ్మ కుర్చీలో కూర్చుని చెల్లిని ఒళ్ళో పెట్టుకుంది. తల పక్కకు వాలిపోతుంటే అమ్మ అరచెయ్యి వెనకనుంచి పట్టుకుంది. ఫొటోలో ఆ చెయ్యి కనపడదు.

వారం తర్వాత అత్త గోడ కన్నంలోంచి నన్ను పిలిచింది. "బడి నుంచి వొచ్చి ఒక్కపాలి ఇటు రా."

వెళ్ళాను. ఒక కిరసనాయిలు డబ్బా బోర్లించి దానిమీద కూర్చోమంది. గడ్డం పట్టి వెలుగు వైపు తిప్పింది.

"కదలకు. నన్ను సూడు."

ఒళ్ళో పలక మీద ఏముందో నాకు కనపడలేదు. నా బొమ్మే వేస్తోందనుకున్నాను. ఇంట్లో ఎవరూ నన్ను పట్టించుకోని రోజులవి. అమ్మ మంచం దిగేది కాదు. నాన్న మాట్లాడేవాడు కాదు. ఒక మనిషి అంతసేపు నా మొహంలోకి చూడటం నాకు పండగలా ఉంది. నాలుగు మధ్యాహ్నాలు వెళ్ళాను. నాలుగో రోజు అత్త కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"ఏటైంది అత్తా?"

"రంగు ఘాటు" అంది. "ఇంక సాలు, ఎల్లు."

తర్వాతి ఆదివారం నాన్న ఫొటో ఇంటికి తెచ్చాడు. అద్దం, ఫ్రేము, అన్నీ అయి ఉన్నాయి. అమ్మ మంచం మీదే లేచి కూర్చుంది. గులాబీ రంగు గౌను, ఎర్రటి పెదాలు, పెద్ద పెద్ద కళ్ళు. అమ్మ ఒక్క కేక పెట్టింది.

"సూత్తంది! ఏఁవండీ, బుజ్జి నన్నే సూత్తంది!"

నాన్న ఏడ్చాడు. నేను ఫొటో ముందు నిలబడ్డాను. అమ్మకు గానీ నాన్నకు గానీ తట్టలేదు. నాకు తెలిసిపోయింది. రోజూ జడ వేసుకునేటప్పుడు అద్దంలో చూసే కళ్ళు. ఎడమ కంటి రెప్ప కొంచెం బరువుగా దిగి ఉంటుంది నాకు. అది కూడా ఉంది.

ఆ రోజు నుంచి అమ్మ లేచి తిరిగింది, వంట చేసింది, నవ్వింది. కానీ అన్నం పెడుతూ గోడకేసి చూసేది. నాకు జడ వేస్తూ గోడకేసి చూసేది. పరీక్ష పాసయ్యానని చెబితే, "ఇన్నావేటే బుజ్జీ, అప్ప పాసైందట" అని ఫొటోకు చెప్పేది. ఇల్లు చూడవచ్చిన వాళ్ళందరికీ ఒకటే మాట: "ఆ సూపు సూడండి, ఎంత బతికుందో." నేను ఆ గదిలో ఎటు తిరిగినా నా కళ్ళే నన్ను చూసేవి. ఒక్కోసారి నేనే పోయానేమో, గోడమీదున్నది నేనేనేమో అనిపించేది. ఆ గదిలో చదువుకోవడం మానేశాను.

నాకు పదేళ్ళు దాటాక ధైర్యం చేసి అత్త దగ్గరికి వెళ్ళాను.

"అవి నా కళ్ళు కదా?"

ఆవిడ కుంచె కింద పెట్టింది. బుకాయించలేదు.

"అవును."

"ఎందుకేసినావు?"

"నాను మీ బుజ్జి కళ్ళు సరిగ్గా సూళ్ళేదే. ఎప్పుడూ పరిగెడతండేది. పటంలో మూసున్నాయి. మీ అమ్మనడిగితే ఒకలాగ సెప్పింది, మీ నాన్న ఒకలాగ సెప్పినాడు. లేనివి ఎక్కడినుంచి తెస్తాను? అప్పసెల్లెల్లు కదా, దగ్గరగా ఉంటాయిలే అనుకున్నాను." ఒళ్ళో పలక పక్కన పెట్టి అంది: "అందరికీ అలాగే సేసినాను. తండ్రివి కొడుక్కి, కూతురివి తల్లికి. కానీ నీయి తీసుకున్నప్పుడు నీ మొహం ఎలిగిపోయింది. అప్పుడు తెలిసింది తప్పు సేస్తన్నానని. మీ అమ్మకి సెప్పీమంటావా?"

మంచం దిగి తిరుగుతున్న అమ్మ గుర్తొచ్చింది.

"వద్దు" అన్నాను.

"ఠీక్. మరి నువ్వు సెప్పమన్నదాకా నా నోట రాదు."

ఆ మాట ఆవిడ చివరిదాకా నిలబెట్టుకుంది.

తర్వాత కొన్నేళ్ళకు రంగు ఫిల్ములు వచ్చాయి. స్టూడియో ఆయన మంచివాడే. స్వయంగా వచ్చి, వరండా అంచున కూర్చుని, ఇక పని ఉండదని చెప్పి, పాడైపోయిన పాత ప్రింట్లు ఒక పెట్టెడు, మిగిలిన రంగుల గొట్టాలు ఇచ్చి వెళ్ళాడు. అత్త ఆ వానాకాలమంతా ఊరికే కూర్చుంది. కింది పెదవి మామూలు రంగుకు వచ్చింది. అది చూస్తే ఎవరో కొత్త మనిషిలా ఉండేది.

చలి మొదలయ్యాక ఒకరోజు చూస్తే పెదవి ఊదారంగులో ఉంది.

పాడైన ప్రింట్ల మీద తనకు తోచింది వేయడం మొదలుపెట్టింది. సరిగ్గా కడగక మసకబారిన పెళ్ళి ఫొటో మీద పెళ్ళికూతురు మొహం ఆకుపచ్చ. ఇంకోదాంట్లో ఇల్లంతా నీలం, తలుపు సందులో ఒక పసుపు గీత. చూసిన వాళ్ళు "అయ్యో పాపం, బుర్ర చెడింది" అన్నారు. ఆవిడ భర్త పాత ఆవిరింజన్ల మీద ఫైర్‌మన్‌గా పని చేసేవాడట. నేను పుట్టకముందే పోయాడు. ఒక పెద్ద ప్రింటు మీద ఆయన బొమ్మ వేశానంది. చూస్తే నలుపు మధ్యలో ఎరుపు, నారింజ తప్ప ఏమీ లేదు.

"మొహమేదీ అత్తా?"

"షెడ్డు నుంచి వొచ్చినప్పుడు మొహమెక్కడ కనబడేది? ముందల ఏడి సెగ వొచ్చేది, ఎనక మనిసి వొచ్చేవోడు. నాకు గుర్తున్నది ఆ సెగే."

కుంచె కడుగుతూ ఇంకో మాట అంది. నేను ఎన్నోసార్లు తలుచుకున్న మాట.

"ఇన్నాల్లూ ఉన్నది ఉన్నట్టు ఎయ్యమన్నారు, లేపోతే లేంది ఉన్నట్టు ఎయ్యమన్నారు. ఇప్పుడు ఎవులూ ఏటీ అడగరు. భయమేసింది మొదట. ఏటి ఎయ్యాలో తెల్దు కదా."

ఆ సంవత్సరం ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆడవాళ్ళ చేతిపనుల ప్రదర్శన పెడితే ఆ బొమ్మ పట్టుకెళ్ళింది. అల్లిన బల్లగుడ్డలకూ ఊలు కుక్కపిల్లలకూ చివర, టీ డ్రమ్ము పక్కన తగిలించారు. ఒక ఆఫీసరు గారు దానిముందు ఆగి, తల గోక్కుని, "యే క్యా హై అమ్మాజీ?" అన్నారు.

"గర్మీ హై సాబ్" అంది అత్త, వేడి అని.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. కొంచెంసేపు చూసి, చొక్కా పై బొత్తాం విప్పుకుంటూ వెళ్ళిపోయారు. అత్త ఇల్లు చేరేదాకా ఆ బొత్తాం సంగతే చెప్పింది.

డిగ్రీలో మా హిస్టరీ మేడమ్ ఒకరోజు తెర కట్టి స్లైడులు చూపించింది. దూరదేశాల్లో కెమెరా కొత్తగా పుట్టినప్పుడు ఏం జరిగిందో చెప్పింది. అప్పటిదాకా మనుషుల పోలికలు గీసి బతికిన చిత్రకారులకు పని పోయిందట. కొందరు వెళ్ళి ఆ ఫొటో స్టూడియోల్లోనే రంగులద్దే పనికి కుదిరారట. ఇంకొందరు, పోలిక గీసే బాధ్యత ఎలాగూ కెమెరా తీసుకుంది కదా అని, వెలుగునూ మంచునూ తమ మనసులో ఉన్నదాన్నీ గీయడం మొదలుపెట్టారట. జనం నవ్వారట. ఆ చిత్రకారుల్లో కొందరైతే మొహాలకు ఆకుపచ్చ రంగు వేశారట. ఒకాయన రైల్వే స్టేషన్లో నిలబడి ఇంజను ఆవిరిని మళ్ళీ మళ్ళీ గీశాడట. చీకటి గదిలో ఆ ఆవిరి తెర మీద పడగానే లేచి నిలబడ్డాను. క్లాసు అయ్యీ అవకముందే అత్త దగ్గరికి పరిగెత్తాను.

అంతా విని ఆవిడ, "అచ్ఛా? ఆలకి కూడా స్టూడియోవోడు పని మానిపించీసినాడా?" అంది.

"అవునత్తా. నీలాగే."

"టేసన్లో పొగ గీసినాయన రైల్వే మనిసే అయ్యుంటాడు." చాలాసేపు సంతోషంగా కూర్చుంది. తర్వాత ఆ సంతోషం మెల్లగా దిగిపోయింది. "మరి ఆల్లో ఎవులైనా సచ్చిపోయినోలకి కళ్ళు తెరిసినారా?"

"తెలీదు."

"అదడుగు మీ మేడమ్‌ని. తెరిసినోలు తరవాత ఏటి సేసినారో అడుగు."

నేను అడగలేదు. ఏమని అడగను?

దానికి ఆరు నెలల తర్వాత అత్త ఇళ్ళకు బయల్దేరింది. తను కళ్ళు తెరిచిన ప్రతి ఇంటికీ వెళ్ళి, "ఆ పటం ఒక్కపాలి ఇవ్వండి, సరిసేసి ఇచ్చీస్తాను" అని అడిగేది. ఏం సరిచేస్తావంటే, మూసేస్తానని చెప్పేది. ఎవరిస్తారు? కొందరు జాలిపడి టీ ఇచ్చి పంపారు. ఒకావిడ పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపేసుకుంది. పోయినవాళ్ళు ఆవిడకు కనబడుతున్నారని కాలనీలో చెప్పుకున్నారు. కనబడుతున్నారా అని నేనూ అడిగాను.

"కనబడరు. అదే బాద. ఆల మొహాలు తలుసుకుంటే నానేసిన కళ్ళే గుర్తొస్తన్నాయి. అసలు మనిసి పోనాడు."

మా ఇంటికి చివరగా వచ్చింది. నేను లోపలి గదిలో తలుపు వెనక ఉన్నాను. అమ్మ గుమ్మంలో నిలబడింది.

"వదినా, బుజ్జి పటం ఒకసారి..."

"నా పిల్లని మల్లీ సంపుతావా?" అంది అమ్మ.

అవి నీ పెద్దకూతురి కళ్ళు వదినా అని అత్త ఒక్క మాట అంటే చాలు. అనలేదు. నాకిచ్చిన మాట ఉంది. నేను బయటికి వచ్చి చెప్పాల్సింది. గడియ మీద చెయ్యి కూడా వేశాను. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. అత్త మెట్లు దిగి వెళ్ళడం, చెప్పులు ఇసకలో రాసుకోవడం వినిపించింది. మర్నాడు అమ్మ గోడ కన్నానికి ఇటుకముక్క అడ్డం పెట్టింది.

కొన్నాళ్ళకు అత్త ఉస్లాపూర్ వెళ్ళిపోయింది. నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది. బిల్హా బ్రాంచికి లోకల్ రైల్లో తిరిగి తిరిగి ఏళ్ళు గడిచాయి. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చింది. బట్టల పెట్టె కంటే ముందు ఆ ఫ్రేము ఆటోలోంచి దిగింది. హాల్లో పెట్టాం. సొంత ఇంట్లో కూడా నేను ఆ గోడకేసి చూడకుండా నడవడం నేర్చుకున్నాను.

మూడేళ్ళ కింద అమ్మకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. అంతకుముందు చాలాకాలంగా మసకే. చెల్లి పటం కూడా రంగు మరకలా కనబడేదట. అయినా అటే తిరిగి కూర్చునేది. కట్లు విప్పాక ఇంటికొచ్చి మొట్టమొదట ఆ పటం చూసింది. చాలాసేపు చూసింది. "ఎంత బాగా కనబడతందో" అంది. నేను ఆవిడను పడుకోబెట్టి, మీదికి వంగి, కంట్లో చుక్కలు వేయబోయాను.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఉండు." నా మొహంలోకి చూసింది. పటంకేసి చూసింది. మళ్ళీ నాకేసి. "ఎడమ రెప్ప" అంది.

చుక్క ఆవిడ చెంప మీద పడి జారింది.

"ఇవి నీ కళ్ళు."

"అవునమ్మా."

"నీకెప్పుడు తెల్సు?"

"పటం ఇంటికొచ్చిన రోజే."

"దానికి తెల్సా? రంగులావిడకి?"

అంతా చెప్పాను. కిరసనాయిలు డబ్బా, నాలుగు మధ్యాహ్నాలు, నేను వద్దన్నది, ఆవిడ మాట నిలబెట్టుకున్నది, తలుపు వెనక నా చెయ్యి. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు నాతో గానీ పటంతో గానీ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే స్నానం చేసి, చీర మార్చుకుని, పటం తనే దించి తువ్వాల్లో చుట్టింది.

"పద, ఉస్లాపూర్ ఎల్దాం."

ఉస్లాపూర్‌లో అత్త తమ్ముడి ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. కట్నీ వెళ్ళే లైను మీద గూడ్సు వెళ్ళినప్పుడల్లా వంటగదిలో గిన్నెలు మోగుతాయి. అత్త వెనక వరండాలో నులకమంచం మీద ఉంది. చిక్కి సగమైపోయింది. చేతులు వణుకుతున్నాయి. అమ్మను చూసి లేవబోయింది. అమ్మ భుజం పట్టి కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని, తువ్వాలు విప్పి పటం ఒళ్ళో పెట్టింది.

"ఈ కళ్ళు మూసీ వదినా."

అత్త పటాన్ని చూసింది. నన్ను చూసింది. "సెప్పీసినావా గుంటా?" అంది.

"అమ్మే కనిపెట్టింది అత్తా."

"అలాగైతే సరే." చేతులు చూపించింది. "ఒణుకుతాయి వదినా. కుంచె పట్టి శానా కాలమైంది."

"మరెలాగ?"

"కుంచెతో పన్లేదులే." ఫ్రేము వెనక మేకులు నన్ను తీయమంది. గిన్నెలో నీళ్ళు, కాస్త దూది తెమ్మంది. "గౌనుకీ బుగ్గలకీ నూనె రంగు. అది పోదు. కళ్ళకి మట్టుకు నీళ్ళ రంగే ఏసినాను. అందరికీ అంతే."

"ఎందుకలాగ?" అమ్మ అడిగింది.

"ఎప్పుడో ఒకనాడు ఎవులో ఒకలు తుడవమంటారనుకున్నాను."

ఎవరూ అడగలేదు. అమ్మ ఒక్కతే.

అత్త దూది తడిపి, పిండి, చెల్లి కుడికంటి మీద ఆనించింది. చెయ్యి వణుకుతోంది. అమ్మ ఆ మణికట్టు కింద తన అరచెయ్యి పెట్టి పట్టుకుంది. రుద్దలేదు. అద్దడం, ఎత్తడం, అద్దడం. ముందు తెలుపు కరిగింది, తర్వాత నలుపు. దూదులు మార్చి మార్చి అందిస్తున్నాను. కింద కాగితం మీద, ఇన్నేళ్ళూ ఎవరూ ముట్టుకోని చోట, మూసిన రెప్ప కనబడింది. వెంట్రుకలతో సహా. కెమెరా ఆ రోజు చూసింది చూసినట్టు అక్కడే ఉంది. అత్త ఎడమ కంటికి వచ్చేసరికి ఒక గూడ్సు బండి వెళ్ళింది. అది పూర్తిగా వెళ్ళేదాకా ముగ్గురం ఆగాం.

రెండో రెప్ప కూడా బయటపడ్డాక అమ్మ పటాన్ని దగ్గరికి తీసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నేనూ ఆ పటంలో మొదటిసారి మా చెల్లి మొహం చూశాను. నాకంటే చిన్న కళ్ళు. మూసి ఉన్నా తెలుస్తోంది. నుదురు మా నాన్నది. ఇన్నేళ్ళూ నేను దాన్ని గుర్తుచేసుకోలేకపోయాను. ఇప్పుడు పరిగెడుతూ వచ్చి నా గౌను లాగడం గుర్తొచ్చింది.

"ఇదే" అంది అమ్మ నెమ్మదిగా. "ఇదే నా బుజ్జి. పోయిన నాడు ఇలాగే ఉంది."

అత్త తడి దూదులన్నీ ఏరి ఒక చిన్న ముద్ద చేసింది. నల్లగా, బూడిదగా ఉంది. నా చెయ్యి పట్టి అందులో పెట్టింది.

"ఇదిగో. నీయి నువ్వు తీసుకెల్లిపో."

ఏం చెయ్యాలో తెలియక గుప్పెట మూశాను. వేళ్ళ సందుల్లోంచి మురికినీళ్ళు కారాయి. అమ్మ పటాన్ని మంచం మీద పక్కన పెట్టి నావైపు తిరిగింది. అత్త చేసేటట్టే నా గడ్డం పట్టుకుని, మొహాన్ని వెలుగు వైపు తిప్పింది. కొత్తగా చూపొచ్చిన కళ్ళు నా నుదుటి మీద, చెంపల మీద, పాపిట్లో వెతికాయి.

"ఏటే ఇది?" అంది. "జుట్టంతా నెరిసిపోయింది. ఎప్పుడు నెరిసింది?"

నా బదులు అత్తే చెప్పింది.

"శానా రోజులైంది వదినా."